యూనిట్ లేని ఇరవై రెండు

బాయిలర్ నీళ్లు పరీక్షించే కెమిస్టులకు ఒక జబ్బు ఉంటుంది. యూనిట్ పలకం. కంట్రోల్ రూం నుంచి ఫోనొస్తే "సిలికా పది" అంటాం, అంతే. పది ఏమిటని అడిగినవాణ్ణి కొత్తవాడని నవ్వుతాం. ఊర్జానగర్ కరెంటు ప్లాంటులో పదేళ్లు అలాగే నెగ్గుకొచ్చాను. ఆ జబ్బుతోనే మా అమ్మాయిని బొంబాయి ఆసుపత్రి దాకా తీసుకెళ్లబోయాను.

దానికి తొమ్మిదేళ్లు. క్లాసు ఫోటోలో ఎప్పుడూ ముందు వరుసే. నాగపూర్ డాక్టరు ఎదుగుదల హార్మోను సరిగా పనిచేస్తోందో లేదో తెలిపే రక్తపరీక్ష రాశాడు. మొదటిసారి నూట యాభై వచ్చింది. ఫరవాలేదు, ఆరు నెలలాగి మళ్లీ చూద్దామన్నాడు. బాగా పడిపోతే మాత్రం బొంబాయిలో చేర్చి, అరగంటకోసారి రక్తం తీసే పరీక్ష చేయించాలన్నాడు. పిల్ల ఆ మాట వింది. అప్పటినుంచి ఇంట్లో సూది అన్న మాట వినపడితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయేది.

రెండోసారి రక్తం వేరే ల్యాబుకు వెళ్లింది. విదేశీ పరీక్ష కిట్లు అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి. రిపోర్టు పోస్టులో వచ్చేదాకా ఆగలేక కాలనీ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. అవతలాయన చెప్పింది విని డైరీలో 22 అని రాసుకుని ఇంటికొచ్చాను.

నూట యాభైకీ ఇరవై రెండుకీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం. మా ఆయన డైరీ చూసి, బొంబాయి ప్రయాణానికి సెలవు చీటీ రాయడానికి కూర్చున్నాడు. నేను ఊరుకునే రకం కాదు. ల్యాబునీ, డాక్టరునీ, మా అత్తగారి వైపు పొట్టివాళ్లందరినీ వరసపెట్టి తిట్టాను. తిట్టి తిట్టి నేను అలిసిపోయాక ఆయన మెల్లగా అడిగాడు.

"ఇరవై రెండు అంటే ఏంది? గ్రాములా, కిలోలా?"

ఆయనది మెకానికల్ విభాగం. అలవాటుగా నవ్వబోయి ఆగిపోయాను. పాత రిపోర్టులో నూట యాభై పక్కన మిల్లీలీటరుకు నానోగ్రాములని అచ్చు ఉంది. డైరీలో ఇరవై రెండు పక్కన ఏమీ లేదు.

మళ్లీ బూత్‌కు పరుగెత్తాను. లీటరుకు నానోమోల్స్ అన్నాడు ల్యాబాయన, ఇందాకే చెప్పాను కదమ్మా అని విసుక్కున్నాడు కూడా. చెప్పే ఉంటాడు. నా చెవి అంకె దగ్గరే మూసుకుపోయి ఉంటుంది. పాతది బరువు లెక్క, ఇది అణువుల లెక్క. ఆ పరీక్షలో కొలిచే పదార్థం అణుభారం ఎంతని అడిగాను. ఆయన కిట్టు కాగితం తిరగేసి, ఏడు పాయింట్ ఆరు ఐదుతో గుణిస్తే పాత లెక్క వస్తుందని చదివాడు. డైరీని బూత్ గోడకు ఆనించి గుణించాను. నూట అరవై ఎనిమిది. నమ్మలేక మళ్లీ గుణించాను. అదే వచ్చింది.

ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచే నాగపూర్ డాక్టరుకు ఫోన్ చేశాను. రెండు ల్యాబుల అంకెల్ని మరీ పట్టి పట్టి పోల్చకూడదు గానీ పడిపోలేదన్నది మాత్రం ఖాయమని, బొంబాయి అక్కర్లేదని అన్నాడు. ఇంటికి నడిచానో ఎగిరానో గుర్తులేదు. అంత గర్వంగా నా జన్మలో ఎప్పుడూ నడవలేదు.

పిల్ల గుమ్మంలో మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. సూదులు ఎప్పుడని అడిగింది.

"సూదులు లేవు, బొంబాయి లేదు బిడ్డా. నువ్వు మంచిగనే పెరుగుతున్నవ్. నేనే నిన్ను తక్కువ రాసిన."