బరువు అక్కర్లేని ఫిటింగ్

జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ మాణిక్ చొక్కా జేబులో పెన్నుకు బదులు స్పానర్ ఉంటుంది. ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీని ఊపి చూస్తాడు. చాయ్ చల్లారినా సరే, ఆ కుర్చీ నట్లు బిగించాకే కూర్చుంటాడు. జిల్లా జట్టులో చోటు కోసం తంటాలు పడుతున్న కూతురు మానసకు, చక్రాల మీద కదిలే బాస్కెట్‌బాల్ స్టాండు తెప్పించాడు. బిగించే పద్ధతి రాసిన కాగితంలో మిర్చిబజ్జీలు పెట్టుకుని తిని, సాయంత్రానికి స్టాండు నిలబెట్టి మీసం దువ్వుకున్నాడు.

మానస ఆ నూనె కాగితం చదివింది. “కింది డబ్బల ఇసుక పొయ్యాల్నని రాసిన్రు నాయినా.”

“ఫిటింగ్ రానోళ్లు పోసుకుంటరు. నా ఫిటింగుకు బరువెందుకు?”

ఆమె మొదటి బంతి విసరగానే స్టాండు వెళ్లి, వాళ్లమ్మ సువర్ణ ఆరబోసిన అల్లం మీద బోర్లా పడింది. “గాలికి పడ్డది” అన్నాడు మాణిక్. వాకిట్లో ఆకు కూడా కదలడం లేదు. మళ్లీ నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు స్టాండు వెనక అడుగునున్న ఖాళీ డబ్బా మీద ఎక్కి కూర్చున్నాడు. ఈసారి స్టాండు పడలేదు. గురి తప్పిన ప్రతి బంతీ మాత్రం బోర్డు దాటొచ్చి అతని నెత్తినే పడుతోంది.

“ఇసుక తెప్పియ్యాల్నా?” అడిగింది సువర్ణ.

“ఎందుకే?” నెత్తి తడుముకుంటూ అన్నాడు మాణిక్. “ఫిటింగ్ పక్కాగున్నది. సూడు, జర గూడ కదుల్తలేదు.”