లౌజ్ కొండ మీద మంచుబండి

ఇస్సాక్‌ది ప్రొద్దుటూరు. తండ్రి పరుపులకు దూది ఏకేవాడు. కొడుకు ఆ పని తప్పించుకుని మోపెడ్ల మెకానిక్ దగ్గర చేరి, టూస్ట్రోక్ ఇంజన్ల పొగలోనే పెద్దవాడయ్యాడు. ఆ మోపెడ్లు రోడ్ల మీద కనబడటం మానేశాక రియాద్ వచ్చి, అక్కడి సులై ప్రాంతంలో అబ్దుల్ ఘనీ అనే సౌదీ షేక్ వర్క్‌షాపులో కుదిరాడు. జనరేటర్లు, నీళ్ల పంపులు బాగుచేయడం అక్కడి పని.

ఒకరోజు షేక్ అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్లి ఒక బండి మీద కప్పిన దుప్పటి తొలగించాడు. ముందు చక్రాలకు బదులు రెండు ఇనుప పట్టీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా, పైన పొడుగాటి సీటు. మంచు మీద నడిచే బండి. షేక్ తండ్రి కుర్రతనంలో కెనడాలో చదువుకుంటూ కొని, ఓడలో వేయించుకొచ్చాడట. ఆయన పోయాక దాన్ని ముట్టినవాళ్లు లేరు.

ఇస్సాక్ కార్బురేటర్ విప్పి కడిగాడు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసి, తాడు పట్టి లాగాడు. లాగగా లాగగా అది దగ్గి, నీలం పొగ కక్కి అందుకుంది. షేక్ గోడకు ఆనుకుని నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఆనాటి నుంచి బండి బాధ్యత ఇస్సాక్‌దే. అప్పుడప్పుడు వెనక భాగం స్టాండు మీదికెత్తి కాసేపు ఇంజన్ తిప్పేవాడు. వేడికి రబ్బరు పగలకుండా ఆ గదికి ఏసీ ఉండేది.

చెల్లెలు మాబున్నీ మొగుడు దావూద్‌ను కూడా ఇస్సాకే వీసా తెప్పించి పిలిపించుకున్నాడు. దావూద్ షేక్ దగ్గర లారీ డ్రైవరు. ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా నవ్వేవాడు.

"దీనికి ఏసీ, మనకు కూలర్. మనకన్నా ఇదే బాగా బతుకుతాండాది బావా."

ఆ చలికాలంలో ఉత్తరాన తబూక్ వైపు లౌజ్ కొండ మీద మంచు పడిందని వార్త వచ్చింది. తండ్రి బండిని ఒక్కసారైనా మంచు మీద నడపాలని షేక్‌కు ఎన్నాళ్ల నుంచో కోరిక. బండిని లారీ ఎక్కించారు. బయలుదేరే ముందు ఇస్సాక్ యాక్సిలరేటర్ కేబుల్ విప్పాడు. సులై దుమ్ముకు అది ఎప్పుడూ పట్టేసేది. లారీలకు వాడే చిక్కటి గ్రీజు నిండుగా దట్టించి బిగించాడు. రియాద్‌లో ఎప్పుడూ చేసే పనే అది. మంచునైతే అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

కొండ మీద మధ్యాహ్నం షేక్ బండి నడిపాడు. ఎండలో అది చెప్పినట్టు విన్నది. రెండు చుట్లు తిప్పి, దిగి, ఇస్సాక్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. తర్వాత అందరూ మంట వేసుకుని చాయ్ తాగుతూ కూర్చున్నారు. పొద్దు వాలింది. చలి ముదిరింది. బండి నీడలో ఆగి ఉంది.

"దావూద్, నువ్వూ ఒక చుట్టు తిరుగు," అన్నాడు షేక్.

దావూద్ మొహం విప్పారింది. షేక్ ఇచ్చిన లావు గ్లవ్స్ తొడుక్కుని ఎక్కాడు. "బావా, ఫోన్లో తియ్. మీ చెల్లెలు సూడాల!"

"తీస్తా పో. బండి బద్రం రా. దానికి దెబ్బ తగిలిందంటే షేక్‌కు మొహం చూపించలేం," అన్నాడు ఇస్సాక్.

బండి కదిలింది, వేగమందుకుంది. ఎదురుగా రాళ్లున్న మలుపు దగ్గర తగ్గాల్సిన ఇంజన్ మోత తగ్గలేదు. ఇస్సాక్ ఫోన్ పారేసి పరిగెత్తాడు.

"తాళం తిప్పు! తాళం తిప్పరా! దూకు!"

ఆ మోతలో దావూద్‌కు ఏమీ వినబడలేదు. ఒక చేత్తో తాళం కోసం తడుముకుంటున్నాడు, లావు గ్లవ్స్‌లో వేళ్లు ఆడటం లేదు. రెండో చెయ్యి హ్యాండిల్ వదలలేదు. దూకడానికి కావలసినంత జాగా ఉంది, మెత్తటి మంచు ఉంది. దూకలేదు. బండిని రాళ్ల నుంచి తప్పించాలని చివరిదాకా పక్కకు తిప్పుతూనే ఉన్నాడు.

బండి రాళ్లను గుద్దుకుంది. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది.

తర్వాత ఇస్సాక్ కేబుల్ విప్పి చూశాడు. గ్రీజు చలికి మైనంలా గడ్డకట్టింది. లాగితే వచ్చిన తీగ వెనక్కి పోవడం లేదు. పోలీసులకు ఆ మాటే చెప్పాడు. వాళ్లు ప్రమాదమని రాసుకున్నారు. షేక్ అతని భుజం మీద చెయ్యి వేసి, అల్లా రాత, నీ తప్పు కాదన్నాడు. ఇంటివాళ్లను అడిగి దావూద్‌ను తబూక్‌లోనే మట్టి చేశారు. ఊరి మనుషుల్లో గుప్పెడు మట్టి వేసింది ఇస్సాక్ ఒక్కడే.

అతను మాబున్నీకి ఫోన్లో అంతా చెప్పాడు. గ్రీజు సంగతి చెప్పాడు, బండి భద్రమని తనన్న మాటా చెప్పాడు.

"ఆ బండికేమయింది అన్నా?" అని అడిగింది మాబున్నీ.

"ముందంతా నుజ్జయిపోయింది."

"అంత గట్టిగ పట్టుకున్యాడంటివే. అదన్నా మిగిలిందేమో అనుకున్యా."

ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు. అతను చేస్తే పిల్లలు ఎత్తేవాళ్లు. షేక్ బండిని మళ్లీ బాగుచేసి నిలబెట్టమని అడిగాడు. "నా చేత కాదు," అన్నాడు ఇస్సాక్, మొదటిసారి ఆయన మాట కాదంటూ. షేక్ అతన్ని పంపుల పనికి వెళ్లమన్నాడు.

సెలవు మీద ఊరికి పోయినప్పుడు మాబున్నీ అన్నం పెట్టి గోడ అవతల కూర్చుంది. పిల్లలే మాట్లాడారు. తిరిగి బయలుదేరే రోజు మాత్రం గడప దాకా వచ్చింది.

"ఆయన్ని పెట్టిన చోటు ఇంగోతూరి సూసిరా అన్నా. నేనెట్లా రాలేను."

రియాద్ చేరాక మొదటి సెలవు దొరకగానే బస్సెక్కి తబూక్ పోయాడు. శ్మశానంలో వరసలు వరసలుగా పేర్లు లేని రాళ్లు. తను మట్టి వేసిన రోజున దావూద్‌ది చివరి వరస, ఇప్పుడు దాని అవతల ఇంకెన్నో వచ్చాయి. అటూ ఇటూ తిరిగాడు, గుర్తు పట్టలేకపోయాడు. చివరికి ఒక రాయి ముందు నిలబడి దువా చేశాడు. ఫోన్ చేస్తే ఈసారి మాబున్నీయే ఎత్తింది.

"సూసినావా?"

"చూసినానమ్మా."

"ఎట్లుండాది ఆడ?"

"శుబ్రంగా ఉండాది. ఎండ బాగా పడతాండాది."

"సరే," అంది మాబున్నీ. ఫోన్ పెట్టేసింది. ఇస్సాక్ చెప్పులు దులుపుకుని బస్సు స్టాండు వైపు నడిచాడు.