ఎవరో యాది చేసుకుంటున్నరట

ఎవరికైనా పొలమారితే నెత్తిమీద తట్టి, "ఎవరో యాది చేసుకుంటున్నరు" అనడం మా ఇళ్లలో అలవాటు. ఇప్పుడా మాట చెవిన పడితే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవరూ యాది చేసుకోరు. నీళ్లు పోకూడని దారిన పోతాయి, అంతే.

పోయిన ఎండాకాలం మా బాపుకు పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. జనగామ దవాఖానలో, ఇలాంటివాళ్లకు మింగడం నేర్పే ఒక అమ్మాయి ఉండేది. నా వేళ్లు తీసి నా గొంతు మీదే పెట్టి "మింగక్కా" అంది. మింగాను. వేళ్ల కింద గొంతుముడి పైకి లేచి దిగింది. రెప్పపాటు పని. అందులో ఎంత జరుగుతుందో అప్పుడు చెప్పింది. నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది. అంగిలి వెనకభాగం లేచి ముక్కు దారి మూస్తుంది. ఊపిరి ఆగుతుంది. గొంతుముడి లేస్తుండగానే గాలిగొట్టం మీద మూత వాలుతుంది, అన్నం పోయే గొట్టం తెరుచుకుంటుంది. బాపుకు ఆ మూత ఆలస్యంగా పడుతోందట. పల్చటి నీళ్లు అంతదాకా ఆగవు, ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి.

"కూసోబెట్టి, గదువ కిందికి వంచి, చిక్కటి జావ చెంచాడు చెంచాడు పెట్టాలె. గొంతుముడి లేసి దిగినంకనే ఇంకో చెంచా. పండుకున్నప్పుడు ఏదీ పొయ్యొద్దక్కా" అని రెండుసార్లు చెప్పించుకుంది నాతో.

రఘునాథపల్లిలో ఇంటికి తెచ్చుకున్నాం. ఇక చూడ్డానికి వచ్చేవాళ్లు! ఒట్టి చేతులతో ఒక్కరు రారు. తెచ్చింది తమ చేత్తో రోగి నోట్లో పెట్టందే లేవరు. అదో మర్యాద, మండ! కొబ్బరిబోండాలన్నీ వెనకగదిలో దాచి, "మల్ల తాగిస్త" అంటూ సాగనంపేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెబితే పెద్ద డాక్టరమ్మ అయిందని నవ్వుతారని.

మా మేనత్త, బాపుకు ఒక్కగానొక్క అక్క, మరిపెడ నుంచి బస్సులో వచ్చింది. నేను వంటింట్లో జావ కలుపుతున్నాను. దగ్గు వినబడింది. ఉరికొచ్చి చూస్తే బాపు వెల్లకిలా పడుకుని ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. అత్త ఒక చేత్తో కొబ్బరినీళ్ల గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో ఆయన నెత్తి తడుతోంది.

"ఎవరో యాది చేసుకుంటున్నరు తమ్మీ" అంటూ నవ్వుతోంది.

గ్లాసు లాక్కుని విసిరికొట్టాను. బాపును లేపి కూర్చోబెట్టాను. "బుద్ధుందా అత్తా? సంపుతవా మా బాపును?" అని అరిచాను. ఆమె తడిసిన చీరతోనే, మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయింది. పోతే పోనీ అనుకున్నాను.

మూడోరోజు బాపుకు జ్వరం. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. మళ్లీ జనగామ. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ అత్తే చేసిందని చెప్పాను, కసితీరా చెప్పాను.

వారానికి అత్త దవాఖానకు వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు. గది బయటే నిలబెట్టి, కోపం ఆగక, నాలుక, ఊపిరి, మూత, మొత్తం ఆమె మొహాన కక్కేశాను. అడ్డు చెప్పకుండా విన్నది.

"గీ ముచ్చట నీకెప్పుడు ఎరుకైంది బిడ్డా?"

"మొదటిసారి గీడ ఉన్నప్పుడే."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

అత్త తన వేళ్లు గొంతు మీద పెట్టుకుని ఒకసారి మింగి చూసుకుంది. కళ్లు తుడుచుకోకుండానే లోపలికి పోయింది.

బాపు బతికాడు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి ఇంటికి పంపారు, మళ్లీ నోటితో తింటాడని ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ఇప్పుడు ఎవరొచ్చినా చెప్పులు విడవకముందే గడపలో ఆపి, ఆ మూత సంగతంతా చెబుతున్నాను. మంచం మీద నుంచి బాపు అంతా వింటూ ఉంటాడు.