అయినకాడికి చూపించమన్న నర్సమ్మ

ఇప్పుడు మా టీం సాఫ్ట్‌వేర్ ఎంతవరకు తయారైతే అంతవరకే, రెండు వారాలకోసారి వాడేవాళ్ల ముందు పెడుతుంది. తప్పు చిన్నగా ఉండగానే దొరుకుతుంది. ప్రోడక్ట్ మేనేజర్‌గా నాకు చివరిరోజు గుండెదడ ఉండదు. దీన్ని ఎజైల్ పద్ధతి అంటారు. ఆ మాట నేను వినకముందే, రెండువేల తొలినాళ్లలో, చింతపల్లి కొండల్లో జ్వరాల రిజిస్టరు మోసుకు తిరిగే నర్సమ్మ నన్ను అదే అడిగింది.

ఆ రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిమీద నేను వెళ్లిన ప్రతిసారీ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడేది.

"అయినకాడికి సూపించండి బాబూ."

"మొత్తం పూర్తయ్యాక చూద్దురుగాని," అనేవాణ్ణి, తల తిప్పకుండానే.

ఏడాదికి పూర్తయింది. పెద్ద డాక్టరుగారి ముందు ఆవిడే మొదటి రోగి పేరు కొట్టింది. ఇంటి నంబరు గడి నింపనిదే తెర ముందుకు కదలలేదు.

"మా కొండమీద ఇళ్లకి నంబర్లు నేవు బాబూ," అంది, నాకు మాత్రమే వినపడేలా.

"ఇన్నాళ్లూ ఏం నేర్చుకున్నావమ్మా?" అని డాక్టరుగారు ఆవిడ మీద విసుక్కున్నారు.

"తప్పు నాదేనండి. బాబు బాగానే సెప్పారు, నాకే బుర్రకెక్కనేదు."

ఆవిడ తలవంచుకుని తిట్లు తింటుంటే నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఆ గడి పెట్టింది నేనేనని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు.