కనిగిరి పళ్ళకు నేను చేసిన బ్రష్

మా నీళ్ళ వల్ల పళ్ళలో పడిన గోధుమరంగు మచ్చ బ్రష్‌తో పోదు. అది పంటికి అంటుకున్న మురికి కాదు, పంటితో పాటే పుట్టిన మచ్చ. బ్రష్ నమూనా గీసిన రోజున నాకీ సంగతి తెలుసు. దాన్ని డబ్బాల్లో పెట్టి అమ్మిన రోజునా తెలుసు. మా అక్క కూతురు అద్దం ముందు నిలబడి "మావయ్యా, ఎందుకు పోవట్లేదు?" అని అడిగినప్పుడు కూడా తెలుసు. చెప్పలేదు. పైగా, "నువ్వు సరిగ్గా తోమట్లేదేమో" అన్నాను.

ఆ అమ్మాయి అతిగా తోమి తన పళ్ళు తనే పాడుచేసుకుందని మా బంధువుల్లో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అది అబద్ధం. ఆ అబద్ధం నా నోటి నుంచే మొదలైంది కాబట్టి నేనే రాయాలి.

మాది కనిగిరి దగ్గర ఊరు. బోరునీళ్ళ నిండా ఫ్లోరైడ్. అవి తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద చారలు తేలతాయి, పెద్దయ్యాక కొందరికి కీళ్ళు బిగుసుకుపోతాయి. ఊళ్ళో అందరి పళ్ళూ అలాగే ఉండేవి కాబట్టి, గుంటూరు హాస్టల్లో చేరేదాకా అవి మచ్చలని నాకు తెలియదు. అక్కడ వార్డెన్ అందరి ముందూ నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఏరా, మీ ఊళ్ళో పళ్ళు తోముకోరా?" అన్నాడు. రోజూ వేపపుల్లతో తోముకుంటానని చెబితే ఇంకా నవ్వారు. మంచినీళ్ళు ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వరు. ఉన్న నీళ్ళు తాగి బతికినవాణ్ణి మాత్రం మురికివాడంటారు. ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు. నన్ను మండించేది ఇంకొకటుంది. వార్డెన్ అన్న మాటనే నేను, ఆ పళ్ళే ఉన్నవాణ్ణి, నా మేనకోడలితో అన్నాను.

బ్రష్ ఆలోచన మాత్రం మంచిదే. అప్పట్లో నేను గుంటూరు ఆటోనగర్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. మిర్చికి, పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ల ముక్కులు, గొట్టాలకు వేసే వాషర్లు, ఇలాంటివాటికి అచ్చులు గీయడం నా పని. మా అక్కకు మోచేతులు బిగుసుకుపోయాయి. చెయ్యి కదిలించలేక, బ్రష్‌ను నోటి దగ్గర పట్టుకుని తలనే అటూ ఇటూ ఊపేది. అది చూసి బ్యాటరీతో నడిచే బ్రష్ గీశాను. పోగులే కదిలితే చెయ్యి కదలక్కర్లేదు కదా అనుకున్నాను.

రూపాయి బిళ్ళకంటే చిన్న గుండ్రటి తల. మధ్యలో ఉన్న కుచ్చులు అర చుట్టు ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరుగుతాయి. అంచున ఉన్న కుచ్చులు ముందుకూ వెనక్కూ కదులుతూ పళ్ళ సందుల్లోకి వెళతాయి. మెత్తటి పోగులు వేశాను. చెయ్యి బిగుసుకున్న మనిషికి ఎంత నొక్కుతున్నదీ తెలియదని కింద ఒక చిన్న స్ప్రింగు పెట్టాను. గట్టిగా నొక్కితే పోగులు ఆగిపోతాయి. అక్క వాడి చూసి, "ఒరేయ్, నోట్లో జోరీగ దూరినట్టుందిరా" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత తల ఊపకుండా పళ్ళు తోముకుంది.

మా యజమానికి నేను దాన్ని వాడి చూపించాను. ఆయన బ్రష్‌ను చూడలేదు, నా పళ్ళను చూశాడు.

"ఏమయ్యా, ఇది ఈ మచ్చల్ని పోగొడుతుందా?"

"పోగొట్టదు సార్. ఇవి బ్రష్‌తో పోయేవి కాదు."

"అది జనానికెందుకు? చేతులు వంగనోళ్ళు ఎంతమంది కొంటారు చెప్పు. పళ్ళు గారపట్టినోళ్ళు మీ వైపు ఊళ్ళకి ఊళ్ళే ఉన్నారు. పోగులు గట్టివి వెయ్. ఆ స్ప్రింగు తీసెయ్, మధ్యలో ఆగిపోతే పాడైందనుకుంటారు."

ఊళ్ళకి ఊళ్ళే. మా జనం అనుభవిస్తున్న దురవస్థ ఆయనకు సంతలా కనిపించింది. నాకు ఒళ్ళు మండింది. మండిన ఒంటితోనే కూర్చుని పోగులు గట్టివి వేసి, స్ప్రింగు తీసేసి గీశాను. డబ్బా మీద రెండు ఫొటోలు వేశారు. వాడకముందు, వాడిన తర్వాత. 'వాడకముందు' ఫొటోలో పళ్ళు నావి. ఫొటో తీసేటప్పుడు ఇంకొంచెం నవ్వమంటే నవ్వాను. 'వాడిన తర్వాత' ఫొటోలో పళ్ళు ఎవరివో నాకు తెలియదు.

మా మేనకోడలు ఒంగోలులో బట్టల షాపులో పనిచేసేది. చురుకైన పిల్ల. కౌంటర్లో నిలబడి చీరలు చూపించాలని ఆశ. "నువ్వు నవ్వితే గిరాకీ పోతుందమ్మా" అని మేనేజర్ ఆమెను వెనక గదిలో చీరలు మడతపెట్టే పనిలో ఉంచాడు. మావయ్య చేసిన బ్రష్ అని డబ్బా అందుకున్న రోజున దాన్ని తిప్పి చూసి పకపకా నవ్వింది.

"ఈ పళ్ళు నీయేగా మావయ్యా? మరి ఇప్పుడు కూడా అట్టాగే ఉండాయేంది?"

"నాకు తోముకునే తీరిక ఎక్కడుందే" అన్నాను.

నమ్మింది. తిన్న ప్రతిసారీ తోమింది. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి, మా మావయ్యకు దేవుడు మంచి తెలివిచ్చాడని చెప్పింది. ఆ మాట విని చాలామంది ఆడవాళ్ళు కొన్నారు. మచ్చ పోకపోతే నన్ను అడిగింది. నేనేమన్నానో మొదట్లోనే రాశాను. అప్పటి నుంచి ఇంకా గట్టిగా నొక్కి తోమింది. ఆపడానికి స్ప్రింగు లేదు.

చిగుళ్ళు దిగిపోయాయి. చల్లటి నీళ్ళు తాగలేకపోయింది. పంటి పైపొర అరిగిపోయిందని, అది మళ్ళీ రాదని ఒంగోలు డాక్టరు చెప్పి, ఇంత మొరటు బ్రష్ ఎవరిచ్చారని అడిగాడట. "బ్రష్ మంచిదేనండి, నాకే తోమడం చేతకాలేదు" అందట. అక్క వచ్చి ఆ మాట నాకు చెప్పింది. మా యజమానికి చెబితే, "వాడకం తెలియనోళ్ళ చేతికిస్తే అంతేనయ్యా" అన్నాడు. ఉద్యోగం మానేశాను. అది గొప్పేమీ కాదు. నేను గీసిన అచ్చు అక్కడే ఉంది, బ్రష్‌లు వస్తూనే ఉన్నాయి.

మా మేనకోడలు నన్ను ఎక్కడ పొగిడిందో అక్కడే నిజం చెప్పాలనిపించింది. నేను చర్చికి వెళ్ళేది క్రిస్మస్‌కే. ఆ ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేవడం చూసి పాస్టరుగారు సంతోషించారు. "మనమందరం ఏదో ఒక విధంగా పాపులమే" అని మొదలుపెట్టాను. ఆయన "ఆమెన్" అన్నారు.

ఆడవాళ్ళ వైపు నుంచి మా మేనకోడలి గొంతు వినిపించింది. "అందరి సంగతి ఎందుకు మావయ్యా. నీ సంగతి చెప్పు."

ఎవరో నవ్వారు. పాస్టరుగారు, "దేవుడు క్షమించేవాడు, కూర్చో నాయనా" అన్నారు.

"దేవుడు పళ్ళు తోమలేదుగా అయ్యగారూ, నేను తోమాను" అంది మేనకోడలు.

అక్క తన బిగుసుకున్న మోచేతిని పక్కవాళ్ళ భుజం మీద ఆనించి లేచింది. "ఒరేయ్, పిల్ల వంక తిరిగి చెప్పు. గట్టిగా చెప్పు, వెనకాలోళ్ళకు వినపళ్ళా."

నేను పాస్టరుగారి వైపు నుంచి మేనకోడలి వైపు తిరిగాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నన్నే చూస్తోంది.

"ఆ మచ్చలు పోవని నాకు ముందే తెలుసమ్మా. నేను కూడా వాడాను, నావీ పోలేదు. పోగులు గట్టివి వేసింది నేను, స్ప్రింగు తీసింది నేను. తెలిసి కూడా తప్పు నీ మీదికి నెట్టాను. నువ్వు సరిగ్గానే తోమావు. నన్ను క్షమించు."