ఇంజనుకు ఉడుకు చేసింది

సాయిలు మోటారుకు నాడి చూసేవాడు. బండి ఆగిపోతే ఇంకెవరైనా ప్లగ్గులు తీస్తారు, పెట్రోలు చూస్తారు. సాయిలు మాత్రం బానెట్టు ఎత్తి, కాలుతున్న రేడియేటరు గొట్టాన్ని మూడు వేళ్లతో పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి తెరిచి, ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు.

"ఉడుకు చేసింది. సల్ల గావాలె."

పోలీసు యాక్షనుకు ముందటి ఎండాకాలం అది. పానగల్లుకు అవతల ఒక దొర దగ్గర అతను డ్రైవరు, నేను కొత్తగా చేరిన మెకానిక్కును. ఊళ్లు సర్కారుకు లెవీ ధాన్యం ఇచ్చేది లేదని తిరగబడ్డాయి. దొర పోలీసులను కారులో ఎక్కించుకుని ఊళ్ల మీద పడుతున్నాడు. మీరు సాయిలును చూసి ఎంతైనా నవ్వుకోండి, నేనూ నవ్వినవాడినే. కానీ ఆ ఎండాకాలం తలుచుకుంటే ఈనాటికీ నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాదు.

ఆ కారు జబ్బు విచిత్రమైనది. పొద్దున్నే హ్యాండిలు ఒక్క తిప్పు తిప్పితే లేచేది. నడిచినంతసేపూ దివ్యంగా నడిచేది. వేడి మీద ఆపితే మాత్రం నలుగురు కలిసి తిప్పినా మళ్లీ లేచేది కాదు. ఆపకుండా పోవచ్చు కదా అంటారేమో. దొర ఆపించేవాడు. ఊరికి కోసెడు దూరంలో వాగు దగ్గర దిగి, దుమ్ము దులుపుకుని, ఇస్త్రీ షేర్వాణీ తొడుక్కుని, మీసాలకు నూనె రాసుకుంటే తప్ప ఆయన ఊళ్లో అడుగుపెట్టడు. అలంకారం పూర్తయ్యేసరికి కారు మొండికేసేది. పోనీ నడిచి వెళ్దామంటే, నడిచి వచ్చిన దొరను ఊరు దొర అంటుందా?

అప్పుడు సాయిలు వైద్యం మొదలయ్యేది. వాగు ఒడ్డున గుడిసెలో గోపమ్మ అనే ఆమెకు ఒక బర్రె ఉండేది. సాయిలు అక్కడికి పోయి ఇంజనుకు మజ్జిగ కావాలని చెప్పి వచ్చేవాడు. గోపమ్మ ముంతెడు తెచ్చేది. బానెట్టు మీద నాలుగు చుక్కలు చిలకరించి, ఒక ఉల్లిగడ్డ ముక్క పెట్టి, మిగతాది సాయిలు గటగటా తాగేసేవాడు. దొర ఒకసారి ఉగ్రుడైపోయి, ఉడుకు బండికైతే మజ్జిగ నీకెందుకురా అని అడిగాడు.

"తల్లి పత్తెం జేస్తె సంటిపిల్లకు సలువ జెయ్యదా దొరా?" అన్నాడు సాయిలు, మూతి తుడుచుకుంటూ.

ఒక ముంత చాలదనేవాడు సాయిలు. ఇంకో ముంత కోసం గోపమ్మ ఊళ్లోకి పరుగెత్తేది. ఆమె వచ్చేసరికి గంట అయ్యేది. కారు చల్లబడి లేచేది. ఊళ్లోకి పోతే మగవాళ్లు ఉండరు, గింజలు ఉండవు, నాలుగు కోళ్లు, ఇద్దరు ముసలమ్మలు ఉండేవాళ్లు. తన పేరు వింటేనే పారిపోతున్నారని దొర మీసం దువ్వుకునేవాడు.

నేను హైదరాబాదులో మోటారు కార్ఖానాలో రెండేళ్లు పనిచేసి వచ్చినవాడిని. మజ్జిగతో మోటారు బాగుచేయడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు వాగు దగ్గర కారు ఆగగానే, సాయిలు గుడిసె వైపు కదలకముందే నేను అడ్డం పడ్డాను. ప్లగ్గు తీసి చూపించాను, నిప్పురవ్వ బాగానే ఎగిరింది. ఇక తప్పు పెట్రోలుదే. గొట్టం విప్పితే పెట్రోలు రాలేదు, బుస్సుమని ఆవిరి వచ్చింది. వంగి చూస్తే పెట్రోలు గొట్టం పొగగొట్టానికి ఆనుకుని ఉంది, రాగి తీగతో కట్టి ఉంది. బండి నడిచేటప్పుడు పెట్రోలు పారుతూ ఉంటుంది కాబట్టి బాధ లేదు. ఆపగానే పొగగొట్టం సెగకు గొట్టంలో ఉన్నదంతా మరిగి ఆవిరవుతోంది. ఆ ఆవిరి దారి మూసేస్తోంది.

తీగ తెంపాను. గొట్టాన్ని దూరంగా వంచి, తడిగుడ్డ చుట్టాను. హ్యాండిలు ఒక్క తిప్పు, కారు లేచింది. ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నవాడికి తెలియకపోయిందని అందరూ వినేలా అన్నాను. దొర నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, సాయిలును ఫుట్‌బోర్డు మీద నిలబెట్టాడు. నాకు గర్వంతో మెడ వంగలేదు. సాయిలు ముఖంలో రక్తం లేదు. పని పోతుందని భయపడుతున్నాడనుకున్నాను.

ఆ రోజు ఊళ్లో అందరూ ఉన్నారు. ధాన్యం ఇవ్వొద్దని ఊరికి చెప్పిన యోహాను ఇంటి ముందే తాడు పేనుతూ దొరికాడు. అతని పెండ్లాం కళ్ల ముందే కొట్టారు. అతన్నీ ఇంకో ముగ్గురినీ అతను పేనిన తాడుతోనే కట్టి నడిపించారు. వాళ్ల వెనక నేను కారు నడిపాను, మనిషి నడకతో. ఇంజను నిప్పులా కాలుతోంది, అయినా ఒక్కసారి ఆగలేదు. ఆగితే బాగుండునని అనిపించడం అదే మొదలు.

వాగు దగ్గర గోపమ్మ ముంత పట్టుకుని నిలబడి ఉంది. కట్టేసిన నలుగురినీ చూసింది, సాయిలును చూసింది.

"సాయన్నా, ఈయాల ఇంజనుకు సల్ల అడగలేదేందే?" అంది.

సాయిలు తల వంచుకున్నాడు. రాగి తీగ అయిదు చుట్లు, ఎంత నీటుగా కట్టి ఉందో అప్పుడు గుర్తొచ్చింది. తెలియనివాడు కట్టిన కట్టు కాదది. మజ్జిగ కావాలన్న మాట గోపమ్మ కాళ్లతో ఊరికి చేరేది. ఆ మాటను నేను తెంపేశాను, దానికి మెచ్చుకోలు కూడా పుచ్చుకున్నాను.

మర్నాడు తెల్లవారకముందే నా చేతులతోనే గొట్టాన్ని పొగగొట్టానికి ఆనించి, అయిదు చుట్లూ చుట్టాను. తరువాతి ప్రయాణంలో వాగు దగ్గర కారు మొండికేసింది. బాగుచేసిననని అన్నవు గదరా అని దొర నా మీద పడ్డాడు. నేను రేడియేటరు గొట్టాన్ని మూడు వేళ్లతో పట్టుకున్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి. సాయిలు ఎన్నేళ్లుగా ఎలా ఓర్చుకున్నాడో దేవుడికి తెలియాలి.

"ఉడుకు చేసింది దొరా, సల్ల గావాలె" అన్నాను.

దొర నోరు తెరిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పిచ్చి అంటుకునే జబ్బని అతనికి ఆ రోజే తెలిసినట్టుంది. నా హైదరాబాదు పరువు ఆ వాగులో కొట్టుకుపోయింది. సాయిలు ముంతలో సగం తాగి మిగతాది నాకిచ్చాడు.

పోలీసు యాక్షను అయింది, దొర పట్నం పారిపోయాడు. నెల తరువాత యోహాను, ఆ ముగ్గురూ నల్లగొండ జైలు నుంచి ఇళ్లకు వచ్చారు. గోపమ్మ గుడిసె ముందు అందరూ కూర్చుని ఉంటే నేను సాయిలు వెంట పోయాను. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. యోహాను తానే అన్నాడు:

"గా దినం మబ్బువట్టి ఇంజనుకు ఉడుకు జెయ్యలేదట గద, సాయన్న చెప్పిండు. మన నసీబు."

ఆ రోజు మండే ఎండ. ఆకాశంలో మబ్బుతునక లేదు. సాయిలు నా తప్పు దాచడానికి ఊరందరికీ మబ్బు చూపించాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"మబ్బు లేదన్నా. గొట్టం ఇప్పింది నేనే" అన్నాను యోహానుతో, ఏడుపు ఆపుకుంటూ.

యోహాను సాయిలు వైపు చూశాడు. సాయిలు లేచి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా మణికట్టును మూడు వేళ్లతో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు నాడి చూశాడు.

"ఉడుకు చేసింది," అన్నాడు యోహానుతో. "జర సల్లవడనియ్యి. గోపమ్మా, సల్ల దేవే."

ముందు నవ్వింది యోహానే. గోపమ్మ తెచ్చిన ముంతను తనే అందుకుని నా చేతిలో పెట్టాడు. నేను తాగబోతుంటే సాయిలు మధ్యలో ముంత లాక్కుని, నా పథ్యం కోసమని సగం తనే తాగేశాడు.