జ్యేష్ఠలో పుట్టిన పిల్ల

నాగమ్మకు ఎవరిమీదా నమ్మకం లేదు. పాలు కాచేముందు వాసన చూస్తుంది, కాచాక మళ్లీ చూస్తుంది. లబాసా టౌనుకెళ్లే బస్సు బోర్డు ఎవరిచేతనైనా చదివించుకుని, డ్రైవర్ని కూడా అడిగిగానీ ఎక్కదు. అలాంటి మనిషి, చిన్నకొడుకు జైకి చూసిన పిల్ల శోభన జ్యేష్ఠా నక్షత్రంలో పుట్టిందని విన్నాక ఊరుకుంటుందా? జ్యేష్ఠలో పుట్టిన కోడలు బావగారికి గండమంటారు. నాగమ్మకు పెద్దకొడుకు రవీంద్ర ఉన్నాడు. ఆమె గుండెల్లో రాయి పడింది.

ఆమెదీ అదే నక్షత్రం. ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లకు పెద్ద తుఫానులో ఇంటికప్పు కూలి ఆమె బావగారు చనిపోయారు. "నువ్వే మింగావు" అంది అత్త. అప్పటినుంచి పెళ్లిళ్లలో పసుపు దంచనివ్వలేదు, పురిటిగది గుమ్మం దాటనివ్వలేదు. నాగమ్మ ఎదురుచెప్పలేదు. నిజమేనని నమ్మింది.

సంగతి తానే తేల్చుకుందామని ఒక సాయంత్రం శోభన వాళ్ల ఊరు టాబియా వెళ్లింది. హైస్కూల్లో సైన్సు చెప్పే శోభన టీ ఇచ్చింది. నాగమ్మ ముట్టలేదు.

"నీ నక్షత్రం ఎందుకు దాచలేదు పిల్లా?"

దాచి ఉంటే దొంగ అనుకునేది. చెప్పింది గనక ఇంకా పెద్ద దొంగ అనుకుంది.

"దాచేకి ఏముంది అత్తా? రా, చూపిస్తా."

అప్పటికే చీకటి పడింది. పెరట్లో నిలబెట్టి, నడినెత్తిన ఎర్రగా మెరిసే జ్యేష్ఠా నక్షత్రాన్ని చూపించింది. ఇన్నేళ్లలో నాగమ్మ దానివైపు తలెత్తిందే లేదు, చూస్తే ఎవరికేమవుతుందోనని.

"బుడ్ఢా నక్షత్రం అత్తా అది. వయసు మీరి ఉబ్బిపోయింది. పైపొరల మీద పట్టు లేదు. దాని ఒళ్లే గాలీ దుమ్మూ అయి పోతా ఉంది. చెరకుతోటలో ముదిరిన గన్నా ఎండాకు రాల్చదా, అట్లా. ఆ దుమ్ములోంచే ముందుముందు కొత్త నక్షత్రాలు పుడతాయి."

"మనుషుల్ని మింగదా?"

"దాని ఒళ్లే అది పట్టుకోలేదు. మనల్ని ఏం చేస్తది?"

పెళ్లి కోసం కథలల్లుతోందా? నాగమ్మ పిల్ల కళ్లలోకి గుచ్చిగుచ్చి చూసింది. అబద్ధమైతే బాగుండుననిపించింది. నిజమైతే బావగారిని చంపింది ఒట్టి తుఫానే, తను ఇన్నేళ్లు మోసిన నింద ఉత్తదే. అబద్ధం జాడ కనబడలేదు.

"అయితే నన్నెందుకట్లా చేసినారే?" అని అరిచింది.

శోభనకు ఏమీ అర్థం కాలేదు. నాగమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముహూర్తం చూడమని మీ నాయనకు చెప్పు. మా ఇంట్లో ఎవరన్నా నిన్ను నక్షత్రం పేరుతో ఒక మాటంటే ముందు నాతో చెప్పు."

ఆ రోజుల్లో తనకోసం ఈ ఒక్క మాట ఎవరూ అనలేదు. అది తలుచుకుని నాగమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.